ఎగరదని హామీ

కొండాపూర్,
11 ఏప్రిల్ 1999

తేజస్వినికి,

ఫోను చేస్తే మీ హాల్లో మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టి మరీ వింటున్నట్టు నాకు ఇక్కడికే తెలుస్తోంది. నిశ్చితార్థం అయినప్పటి నుంచీ మనం మాట్లాడుకున్నదల్లా కర్నూల్లో ఎండలు, హైదరాబాదులో ఎండలు. అందుకే ఈ ఉత్తరం. అధిక జ్యేష్ఠం అడ్డొచ్చి పెళ్ళి ఎటూ శ్రావణానికి వాయిదా పడింది కాబట్టి రాసుకోవడానికి కావలసినంత తీరిక.

ముందు నా గోడు విను. నాకు విమానాల పిచ్చి ఉందని పెళ్ళిచూపుల్లో చెప్పాను. నువ్వు మీ జూనియర్ కాలేజీలో పిల్లల చేత కప్పల్ని కోయించే సంగతి చెప్పావు, నేను ఇది చెప్పాను. ఇవి పిల్లల బొమ్మలు కావు. అసలు విమానాన్ని కొలిచి, నలభై ఎనిమిదో వంతుకు తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలుగా పోతపోసి డబ్బాలో పెట్టి అమ్ముతారు. అతికించి రంగులు వేసుకోవడం మన పని. ఇక్కడ దొరకవు. హాంకాంగ్‌లో ఒక దుకాణందారు ఈ-మెయిల్లో ఆర్డరు తీసుకుని పంపిస్తాడు. ఇప్పుడు కొత్తగా మిగ్-21 విడుదలైంది, మన ఎయిర్‌ఫోర్స్ గుర్తులతో సహా. రెండేళ్ళుగా దీనికోసం కాచుకుని ఉన్నాను.

చిక్కల్లా పోస్టుతోనే. నేను పనిచేసే హైటెక్ సిటీ అద్దాల మేడ ఫోటో ప్రతి పత్రికలోనూ పడుతోంది. దాని పక్కనే నేనుండే ఇంటికి నంబరు లేదు. 'గుట్ట ఎదురుగా, యాదయ్య ఇంటిపైన గది' అన్నదే నా చిరునామా. పోయిన నెల ఆ గుట్టను కూడా పేల్చేశారు. ఇంతకు ముందు తెప్పించిన పార్సిలు నా గది దొరక్క హాంకాంగ్‌కే తిరిగి వెళ్ళిపోయింది. ఆఫీసుకు తెప్పించుకుందామంటే సెక్యూరిటీ వాళ్ళు లోపలికి రానివ్వరు.

అందుకని ఈసారి మీ ఇంటి అడ్రసు ఇచ్చాను, మామయ్య పేరు మీద. ముందే అడగాల్సింది, కానీ మొదటి విడత సరుకు అయిపోతుందని దుకాణందారు తొందరపెట్టాడు. మామయ్యతో ఒక మాట చెప్పి ఉంచు. పెట్టె మీద బరువు పెట్టొద్దు, ఎండ తగలనివ్వొద్దు.

నీ
దినేష్


ప్రకాష్ నగర్, కర్నూలు,
20 ఏప్రిల్ 1999

దినేష్ గారికి,

నమస్తే. మీ ఉత్తరం అందింది. మీరు మొదటిసారి రాసిన ఉత్తరంలో నా గురించి ఏమైనా ఉందేమోనని వెతికాను. కప్పల దగ్గర ఒకసారి కనిపించాను. పోనీలెండి, సంతోషం.

నాన్నతో చెప్పాను. "మన అడ్రసుకు రావడమేందమ్మా, ఆయప్పకు ఆడ ఇల్లు లేదా?" అన్నారు. డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరైన మనిషి కదా, ఇంటి నంబరు లేని ఇల్లు ఉంటుందంటే ఆయన నమ్మరు. అమ్మకు మాత్రం సరదాగా ఉంది. అల్లుడు విమానం తెప్పిస్తున్నాడని పక్కింటి సాయమ్మత్తకు చెప్పి వచ్చింది. ఇక ఈ వీధిలో తెలియని వాళ్ళు లేరు.

నాకూ చూడాలని ఉంది. మీరు ఇప్పటిదాకా కట్టినవాటిలో ఒకదాని ఫోటో పంపండి.

ఇట్లు,
తేజస్విని


కొండాపూర్,
2 మే 1999

తేజస్వినికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అమెరికా బ్యాంకు వాళ్ళు హడలిపోతున్నారు. వాళ్ళ ప్రోగ్రాముల్లో సంవత్సరాలు దిద్దుకుంటూ మేము ఇక్కడ చస్తున్నాం.

ఫోటో అడిగావు. కెమెరా లేదు. ఉన్నా ఇక్కడి దుమ్ములో ఏదీ బయట పెట్టలేం. పొద్దస్తమానం బండలు పేలుస్తూనే ఉంటారు, తడి రంగు మీద దుమ్ము పడితే అంతే సంగతులు. అందుకని అన్నీ జాగ్రత్తగా లోపలే పెట్టాను. మిగ్ బయలుదేరిందని హాంకాంగ్ నుంచి కబురు వచ్చింది. మొదటి విడత డబ్బా మన రాష్ట్రంలో ఇంకెవరికీ దొరికి ఉండదు. ఆ డబ్బా మీది బొమ్మ ఒక్కటే చూస్తూ కూర్చోవచ్చు.

నీ
దినేష్


కర్నూలు,
8 జూన్ 1999

దినేష్ గారికి,

మీ పార్సిలు రాలేదు. దాని బదులు నోటీసు వచ్చింది, నాన్న పేరు మీద, హైదరాబాదులోని కస్టమ్స్ వాళ్ళ నుంచి. జీవితాంతం ఊళ్ళో వాళ్ళకు నోటీసులు ఇచ్చిన మనిషికి నోటీసు రావడం ఇదే మొదలు. నిలబడి చదివారు, తర్వాత కూర్చుని చదివారు, తర్వాత మంచినీళ్ళు అడిగారు.

అందులో ఏముందో తెలుసా? 'ఒక యుద్ధ విమానం, విడిభాగాలుగా, క్షిపణులతో సహా.' ఇది తెప్పించుకోవడానికి లైసెన్సు ఉందా, ఏ అవసరం కోసం తెప్పించారు, స్వయంగా వచ్చి చెప్పండి అని. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని కార్గిల్ వార్తలు చూస్తున్న రోజుల్లో, రోజూ పేపర్లో ఫోటో పడుతున్న అదే విమానాన్ని కర్నూలు ప్రకాష్ నగర్‌లో ఉండే గోవిందప్ప గారు క్షిపణులతో సహా తెప్పించుకుంటున్నారు. మీ దుకాణందారుకు 'ప్లాస్టిక్ బొమ్మ' అని రాయడానికి చెయ్యి రాలేదా?

సాయమ్మత్త వచ్చి, "ఎప్పుడొస్తాది వదినా మీ విమానం?" అని అడిగితే అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాన్నకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. పింఛను ఆపేస్తారేమోనని ఆయన భయం. మీకిదంతా నవ్వులాటగా ఉండవచ్చు. మాకు లేదు.

తేజస్విని


కొండాపూర్,
12 జూన్ 1999

తేజస్వినికి,

నా తల తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఫోను చేస్తే అత్తయ్య ఎత్తి, "ఉండప్పా" అని పెట్టేశారు. దుకాణందారును ఈ-మెయిల్లో తిట్టగలిగినంత తిట్టాను. అబద్ధం రాయడం మా దుకాణం పద్ధతి కాదు అని జవాబిచ్చాడు. అంత సత్యసంధుడు నాకే దొరకాలా?

కస్టమ్స్ ఆఫీసుకు నేను వెళ్ళాను. పార్సిలు గోవిందప్ప గారి పేరు మీద ఉంది కాబట్టి గోవిందప్ప గారే రావాలి, మీరెవరు అన్నారు. కాబోయే అల్లుణ్ణి అన్నాను. అయ్యాక రండి అన్నారు. మామయ్యను ఒక్కసారి పంపించు. బస్టాండుకు వచ్చి నేనే తీసుకెళ్తాను. తప్పు నాదేనని ఆయనతో కూడా చెబుతాను.

అన్నట్టు డబ్బా చూశాను. దూరం నుంచే. మూల నలగలేదు.

దినేష్


కర్నూలు,
21 జూన్ 1999

దినేష్ గారికి,

నాన్న నిన్న హైదరాబాదు నుంచి ఇల్లు చేరుకున్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మీకు తెలిసిన సంగతులే అయినా మా ఇంట్లో ఎలా వినిపించాయో మీకూ తెలియాలి.

కస్టమ్స్ ఆఫీసరు మర్యాదస్తుడేనట. పెట్టె పైన కాగితం విప్పించి, బొమ్మ చూసి, నాన్నను చూసి, "పెద్దాయనా, ఇది ఎగురుతుందా?" అని అడిగాడట. నాన్న మీ వైపు చూశారట. ఎగరదు అని మీరన్నారట. అయితే అదే రాసివ్వండి అన్నాడట. 'పై విమానం ఎగరదనియు, కాల్చదనియు, ఈ చిరునామాలోనే ఉంచబడుననియు హామీ ఇస్తున్నాను' అని నాన్న తన చేత్తో రాసి సంతకం పెట్టారు. రాసిచ్చాక తప్పడం ఆయన చేత కాదు. బస్టాండులో మీరెంత బతిమాలినా పెట్టె ఇవ్వకుండా కర్నూలుకే తెచ్చింది అందుకే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒరగకుండా కూర్చుని వచ్చారు. నడుము పట్టేసింది.

ఇక మీ గది సంగతి. "మంచం మీద డబ్బాలు పండుకోని ఉండాయమ్మా. మనిషి కింద చాప మీద పండుకుంటాండాడు," అన్నారు నాన్న. మంచం మీద, బీరువాలో, వంటగది అటక మీద అన్నీ డబ్బాలే, పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పనివి. కట్టిన విమానం ఒకటి చూపించప్పా అని అడిగితే మీరు టీ పెడతానని కిందికి దిగారట. మీరు లేనప్పుడు మీ ఇంటాయన యాదయ్య గారు, "నాలుగేండ్లకెల్లి సూస్తున్న సార్, తెచ్చుడే గని ఒక్కటి ఇప్పలే. దుకాణం పెడ్తడేమో అనుకున్న," అన్నారట.

నేను ఏప్రిల్లో ఫోటో అడిగాను. మీరు దుమ్ము అన్నారు. దుమ్ము సంగతి నేను నమ్మాను.

ఒక్క విమానమైనా కట్టారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

తేజస్విని


కొండాపూర్,
27 జూన్ 1999

తేజస్వినికి,

లేదు.

ఒక్క ముక్కలో అడిగావు, చెప్పాను. కానీ ఇదేదో దొంగతనం బయటపడినట్టు రాశావు, అది బాగాలేదు. డబ్బాలో ఉన్నంతసేపు ఆ విమానంలో ఒక్క తప్పు ఉండదు. అతికిస్తే జిగురు కారుతుంది, రంగు చారలు కడుతుంది. అంత అందంగా చేసిన వస్తువును నా చేతులతో ఎందుకు పాడు చేయాలి? సమయం చూసుకుని, సామాను అంతా కూడాక, సరిగ్గా చేద్దామని ఉంచాను. ఈలోగా ఇంకో కొత్తది విడుదలవుతుంది. అది అయిపోకముందే తెప్పించుకోవాలి కదా. ప్రపంచంలో అందరూ ఇలాగే చేస్తారు. మనిషి చాప మీద పడుకుంటే ఎవరికి నష్టం?

అదలా ఉంచి, మిగ్ డబ్బా ఎక్కడ పెట్టారు? గోడకు ఆనించొద్దు, చెమ్మ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పైన ప్లాస్టిక్ కాగితం విప్పొద్దు. మొదటి విడత డబ్బా విప్పితే ఇక దానికి విలువ ఉండదు. పెళ్ళయ్యాక నేనే వచ్చి తెచ్చుకుంటాను.

మామయ్య నడుము నొప్పి తగ్గిందా?

దినేష్


కర్నూలు,
11 జూలై 1999

దినేష్ గారికి,

తగ్గింది. ఆఖరి వాక్యంలోనైనా అడిగారు, చెబుతానన్నాను నాన్నతో.

మీ ఉత్తరం చదివిన రోజే డబ్బా విప్పాను.

పది రోజులు పట్టింది. కాలేజీ ల్యాబు నుంచి కప్పల్ని కోసే కత్తి, పట్టకారు తెచ్చాను. జిగురు లేదు. మా కెమిస్ట్రీ శ్రీనివాసులు సారు ముక్క చూసి, ఈ ప్లాస్టిక్ క్లోరోఫాంలో కరుగుతుంది, అంచులకు రాసి నొక్కి పట్టుకోండి అన్నారు. కప్పలకు మత్తు ఇచ్చే సీసా ఉండనే ఉంది. కిటికీలన్నీ తీసి, బ్రష్షుతో రాసి అతికించాను. నాన్న ముక్కలన్నిటినీ నంబర్ల ప్రకారం పళ్ళెంలో పేర్చి, పటం చూసి, "ముప్పై ఒకటికి ఉత్తరం పక్క పద్నాలుగు," అని పొలాల సరిహద్దులు చెప్పినట్టు చెబుతుంటే నేను పెట్టుకుంటూ పోయాను. వెండి రంగు సైకిల్ షాపులో దొరికింది. ఎయిర్‌ఫోర్స్ గుర్తుల స్టిక్కర్లను నీళ్ళలో నానబెట్టి జార్చి అతికించింది అమ్మ. పెళ్ళిపనులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ముగ్గురం రోజూ దాని చుట్టే.

నాన్న రిటైరయ్యాక ఇంత హుషారుగా ఉండటం నేను చూడలేదు. చాలా బాగా వచ్చింది. ఫోటో తీయించాను, ఇందులో పెట్టాను.

తేజస్విని


కొండాపూర్,
15 జూలై 1999

తేజస్వినికి,

ఎవర్ని అడిగి విప్పావు?

విప్పొద్దని రాశాను. స్పష్టంగా రాశాను. అయినా విప్పావు, అదీ కావాలనే. రెండేళ్ళు కాచుకున్నాను దానికోసం. మళ్ళీ అడిగితే మొదటి విడత లేదు, రెండో విడతలో డబ్బా మీద బొమ్మ మార్చేశారు అంటున్నాడు హాంకాంగ్ వాడు. క్లోరోఫామా? సైకిల్ షాపు రంగా? ఆ విమానానికి ఏ రంగు ఎక్కడ వేయాలో చదువుకుని పెట్టుకున్నాను నేను. ముక్కు దగ్గర పచ్చరంగు ఉండాలి, మీరు అక్కడ కూడా వెండే పూశారు.

నా వస్తువు ముట్టుకోవద్దంటే ముట్టుకోకూడదు. ఇంతకన్నా చెప్పేది లేదు.

దినేష్


కర్నూలు,
20 జూలై 1999

దినేష్ గారికి,

ఎవర్ని అడిగి విప్పావని అడిగారు. మీరు ఎవర్ని అడిగి మా అడ్రసు ఇచ్చారు? ఎవర్ని అడిగి మా నాన్న పేరు వాడుకున్నారు? ఆయన ముద్ద దిగక కూర్చున్న రోజున మీరు రాసిన ఉత్తరంలో డబ్బా మూల నలగలేదని ఉంది. అది నా దగ్గర భద్రంగా ఉంది, కావాలంటే పంపిస్తాను, చదువుకోండి.

విలువ పోయిందని ఏడుస్తున్నారు. మా ముగ్గురికీ ఆ పది రోజులు ఎలా గడిచాయో ఫోటోతో సహా రాస్తే మీకు కనిపించింది ముక్కు దగ్గర పచ్చరంగు. కావాలనే విప్పాననడం మాత్రం నిజం. విప్పితే మీరేం చేస్తారో చూడాలనుకున్నాను. చూశాను.

దాచుకోకుండా చెబుతున్నాను, నాకు భయంగా ఉంది. ఉద్యోగం మానేసి, ఈ ఊరు వదిలి నేను ఆ గదికి రావాలి. మీకు ఏదైనా రాబోతున్నప్పుడే మోజు. వచ్చాక కాగితం కూడా విప్పరు, ఇంకొకరు విప్పితే ఓర్చుకోరు. నేను కోపం తెచ్చుకుంటాను, జబ్బు పడతాను, కూర మాడుస్తాను. పాడవుతుందని ముట్టుకోని మనిషితో నేను బతకలేను.

శుభలేఖల నమూనా ప్రెస్సు వాళ్ళు పంపారు. అచ్చుకు ఇవ్వొద్దని నాన్నతో చెప్పాను. కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఈ ఉత్తరానికి జవాబు రాయాల్సిన పనిలేదు. మీరేం రాస్తారో నాకు తెలుసు, కారణాలు రాస్తారు.

తేజస్విని


కొండాపూర్,
1 ఆగస్టు 1999

తేజస్వినికి,

రాయొద్దన్నావు. ఇందులో కారణాలు లేవు, చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసులో ఒక్క పనీ సరిగ్గా చేయలేదు. ఇంటికి వచ్చి నీ మీద అరవడానికి నాలుగు కాగితాలు నింపాను. నింపాక చూస్తే నాలుగింటిలోనూ డబ్బా గురించే ఉంది. నా మీద నాకే చిరాకు వేసింది. చింపేసి, మంచం మీద అన్నిటికన్నా కిందనున్న డబ్బా లాగాను. హంటర్ అనే విమానం, నేను కొన్న వాటిలో మొదటిది. కాగితం విప్పే ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నానంటే నువ్వు నవ్వుతావు. నవ్వు.

పాడు చేశాను. ఏ ఒక్కటీ తిన్నగా రాలేదు. జిగురు వేళ్ళకు అంటుకుని, ఆ వేళ్ళతో పైలెట్ కూర్చునే చోట అద్దం పట్టుకున్నాను. నా బొటనవేలి ముద్ర దాని మీద అచ్చు పడింది, ఇక పోదు. ఎడమ రెక్క కుడిదానికన్నా కిందికి వాలింది. రంగు మీద నిజంగానే దుమ్ము పడింది. కింద నుంచి యాదయ్య గారి భార్య నర్సమ్మ గారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పైకి వచ్చి, "ఏం వాసన సార్ గిది, గ్యాస్ లీకయితుందా ఏంది? జర కిటికీ తియ్యరాదు," అని చీవాట్లు పెట్టారు. యాదయ్య గారు వెనకాలే వచ్చి, చూసి, "మొత్తానికి ఒకటి ఇప్పినవ్," అని వెళ్ళిపోయారు.

ఇంత చెత్తగా ఏ పనీ చేయలేదు నేను. మీ మిగ్ ఫోటో పక్కన పెట్టి చూసుకుంటే ఏడుపు వచ్చింది. నాకు చేతకాదు, తేజస్వినీ. చేతకాదని తేలుతుందని విప్పలేదు, అంతే. రేపు పెళ్ళయ్యాక నీతో కూడా ఇలాగే ఎక్కడో ఒకచోట వేలిముద్ర పడేస్తాను, రెక్క వంకర పెడతాను. కానీ చాప మీద నుంచి చూస్తూ మాత్రం ఉండను. ఆ మాట నువ్వు నమ్ముతావో లేదో నాకు తెలియదు.

మామయ్యకు విడిగా రాశాను. ఆయన్ను ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ, అంతే, అందులో విమానాల సంగతి లేదు.

దినేష్


కర్నూలు,
6 ఆగస్టు 1999

దినేష్,

నాన్న తనకు వచ్చిన ఉత్తరాన్ని చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని బజారుకు బయలుదేరారు. వస్తూ వస్తూ ప్రెస్సు వైపు వెళ్ళి రావాలా అని మాత్రం గుమ్మంలో నిలబడి అడిగారు.

వెళ్ళి రమ్మన్నాను. నాకింకా కోపం పోలేదు, అది చెప్పకుండా ఉండలేను. నీ మొదటి ఉత్తరం నుంచి లెక్క తీస్తే శ్రావణం దాటేలా ఉంది. కానీ మొన్నటిదాకా ఉన్న భయం మాత్రం లేదు. పాడు చేశానని ఏడ్చే మనిషితో పోట్లాడవచ్చు.

గారు వదిలేశానని అమ్మతో అనకు.

ఆ హంటర్‌ను పారేయొద్దు, రెక్క సరిచేయొద్దు. పెళ్ళికి వచ్చేటప్పుడు చేత్తో పట్టుకుని తీసుకురా. మా షోకేసులో మేము కట్టిన మిగ్ ఉంది, అమ్మ దాని పక్కనే పెడుతుంది. పెళ్ళికి వచ్చిన బంధువులందరూ చూస్తారు. ఏది ఎవరు కట్టారో ఎవరూ చెప్పకుండానే వాళ్ళకు తెలిసిపోతుంది. తెలియనీ.

నీ
తేజస్విని